కోడలెత్తు బెల్లం

ఈశ్వరికి అన్నిటికంటే పెద్ద భయం, పిల్ల తప్ప ఇంకెవరూ లేని వేళ తను పడిపోతుందేమోనని. చావంటే అంత భయం లేదు. చచ్చాక ఎవరో ఒకరు వస్తారు, ఏడుస్తారు, ఎత్తుకుపోతారు. కానీ పడిపోవడానికీ ఎవరో రావడానికీ మధ్య కొంతసేపు ఉంటుంది చూశారా, రెండేళ్ళ పది నెలల పిల్ల తల్లి రెప్పల్ని వేళ్ళతో పైకెత్తి చూసి, అమ్మా లే అని, ముక్కు గిల్లి, లేవకపోతే విసుగొచ్చి గ్యాసు పొయ్యి దగ్గరికో నీళ్ళ తొట్టి దగ్గరికో తన దారిన తను నడిచిపోయే ఆ కొంతసేపు, దాన్ని తలుచుకుంటేనే ఆమెకి ఒళ్ళు చల్లబడిపోతుంది. ఇవాళ తలుచుకోకుండానే చల్లబడుతోంది. బుధవారం, పదకొండు దాటింది, సాలూరు ఎండ గ్రిల్లులోంచి గళ్ళు గళ్ళుగా గచ్చు మీద పడుతోంది, ఆ గళ్ళ పక్కన చెంప నేలకానించి ఈశ్వరి పడుకుని ఉంది, మెడ కింద నుంచి చెమట మాత్రం బావి నీళ్ళలా చల్లగా జారుతోంది. పడుకున్నాను, పడిపోలేదు, అనుకుంటోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కదా. అమ్మడు కనిపిస్తూనే ఉంది కదా. అదిగో, కాళ్ళు చాపుకుని కూర్చుని, నిన్న కొత్త మందు వచ్చిన అట్టపెట్టెలో తన బొమ్మని పడుకోబెడుతోంది, బొమ్మ కాళ్ళు పట్టక మడుస్తోంది, మళ్ళీ లాగుతోంది.

అత్త జగ్గమ్మ పొద్దున్నే దగ్గర్లోని మక్కువ ఊరికి వెళ్ళింది, తమ్ముడి మనవరాలు పెద్దమనిషైన ఫంక్షనుకి. వెళ్తూ వెళ్తూ గ్రిల్లుకి బయట తాళం వేసింది, పెరటికి ఎటూ దారి లేని ఎత్తు గోడే. రోడ్డు మీద లారీలు, పిల్ల తుర్రుమని పోతాది, నీకా పరిగెత్తే ఓపిక లేదు, అంది. ఆ మాట నిజమే. నిజమైన మాటల్నే ఏరుకుని విసరడం జగ్గమ్మకి అలవాటు. నువ్వెందుకే ఇప్పుడు రావడం, ఫొటోల్లో సగం నువ్వే పడతావు, సన్నబడ్డాక వద్దువులే ఎన్ని పెళ్ళిళ్ళు లేవు, అంది. పట్టుచీర కుచ్చిళ్ళు సవరించుకుంటూ అంది, కోడలు పెరటి తూము దగ్గర వంగి కక్కుతూ ఉండగా అంది. రాత్రి నుంచి అది ఎన్నోసారో ఈశ్వరి లెక్క మరిచిపోయింది. మొదట అన్నం, తర్వాత అంబలి, తర్వాత నీళ్ళు, తర్వాత పసుపుపచ్చగా చేదు, ఆ తర్వాత ఏమీ లేకుండా ఉత్త డోకు. జగ్గమ్మ వెనకాల నిలబడి వీపు నిమరలేదు, సంతోషించింది. "కక్కు, కక్కు. మందు పట్టిందన్నమాట. పాత మందుకి ఇలగ కక్కినావేటి? నేదు. అందుకే దిగనేదు నువ్వు." ఆటో హారన్ కొట్టింది, సెంటు వాసన గుమ్మం దాటింది, తాళం టక్కుమంది. అప్పటి నుంచి ఇల్లంతా ఒకటే చప్పుడు, ఎదర లారీ బాడీలు కట్టే షెడ్డులో రేకు మీద సుత్తి దెబ్బ, ఆగితే జనరేటరు మీద వెల్డింగు, వెల్డింగు ఆగితే మళ్ళీ సుత్తి. ఆ చప్పుడులో గ్రిల్లు పట్టుకుని అరిస్తే ఎవరికి వినిపిస్తుంది. ఒకసారి అరిచి చూసింది. పొట్టలో ఏమీ లేని అరుపు గేటు దాకా కూడా పోలేదు. అమ్మడు నవ్వి తనూ అరిచింది, ఆటనుకుని.

అంతా మొక్కు దగ్గర మొదలైంది. కాదు, రక్తం దగ్గర. ఏడో నెలలో రక్తం కనబడి విజయనగరం ఆసుపత్రిలో పదకొండు రోజులు కాళ్ళ కింద ఇటుకలు పెట్టిన మంచం మీద పడుకోబెట్టినప్పుడు, జగ్గమ్మ వరండాలో చెంగు పరిచి మోకాళ్ళ మీద కూర్చుని ఊరి పోలమ్మకి మొక్కింది. నా కొడుకు బిడ్డని నిలబెట్టు తల్లీ, నా కోడలెత్తు బెల్లం ఏస్తాను నీకు, అని. నర్సు అప్పుడే తూకం చూసి చీటీ మీద రాసింది, యాభై రెండు. ఆ యాభై రెండు జగ్గమ్మకి గుర్తుండిపోయింది, తన పుట్టినరోజు గుర్తులేని మనిషికి. బిడ్డ నిలిచింది. నిలిచిందిగాని ఈశ్వరి ఒళ్ళు నిలవలేదు, కాన్పయ్యాక ఏ గ్రంథి ఏమైందో, ఏ బాధకి ఎంత తిన్నదో, రెండేళ్ళలో తొంభై మూడు. పోలమ్మ దగ్గర కోడల్ని కాటా మీద కూర్చోబెట్టి ఎదర పళ్ళెంలో దిమ్మలు పేరుస్తుంటే ఊరంతా చుట్టూ నిలబడి చూస్తారు, డప్పులు కొడతారు. తొంభై మూడా, నవ్వరేటి జనం, అంది జగ్గమ్మ. మొక్కినప్పుడు యాభై రెండు, అమ్మోరికి నాను మాటిచ్చింది యాభై రెండు, యాభై రెండుకి దిగు, అప్పుడు ఏస్తాను. కొత్త బెల్లం వచ్చిన రోజుల్లో సరిగ్గా యాభై రెండు కిలోలు తూయించి తెచ్చి సామాన్ల గదిలో పేర్పించి తాళం వేసేసింది. ఆ రోజు నుంచి బెల్లం కదలకుండా కూర్చుంది, కోడలే దిగి దాని దగ్గరికి రావాలి. ఒక్కోసారి ఈశ్వరి మనసు ఎక్కడో పట్టుకుని వదలదు, ఆ యాభై రెండులో అమ్మడు కూడా ఉంది కదా, కడుపులో, అప్పటికి. అంటే తన బరువు యాభై ఒకటో, యాభయ్యో. మరి ఇప్పుడు ఒక్కతే యాభై రెండుకి దిగి కాటా ఎక్కితే అమ్మవారు ఏమనుకుంటుంది, పిల్లేదీ అని అడగదా, తూకంలో పిల్ల లేదేమని అడగదా. ఈ మాట ఒకసారి అత్తతో అంటే, ఎనిమిదో తరగతి సదివినందుకే ఇన్ని తెలివితేటలా అంది. తొమ్మిది, అత్తా, తొమ్మిదిలో మానేశాను అని ఈశ్వరి నోట్లోనే అనుకుంది.

సుత్తి ఆగింది. ఇప్పుడు అరవాలేమో. లేచి కూర్చుంటే గది మొత్తం ఎడమవైపుకి ఒరిగింది, లోడు సరిగ్గా కట్టని లారీ మలుపు తిరిగినట్టు. మళ్ళీ పడుకుంది. లారీ అనుకోగానే వే బ్రిడ్జి, బళ్ళని తూచే ఆ పెద్ద కాటా గుర్తొచ్చింది, వద్దనుకుంటే ఇంకా గట్టిగా గుర్తొచ్చింది. మొగుడు దేవేంద్రకి రెండు లారీలు, ఒకటి తనే తోలతాడు. ఆర్నెల్ల కిందట బొబ్బిలి పుట్టింటి నుంచి తనని కేబిన్లో తీసుకొస్తూ దారిలో కాటా దగ్గర బండి ఎక్కించాడు. సరుకు తూకమనుకుంది. కాగితం వచ్చాక, దిగవే అన్నాడు. దిగింది. ఆమె పక్కకి వచ్చాక మళ్ళీ తూయించాడు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి కాటా గదిలో గుమాస్తాకి చూపించాడు, తొంభై తేడా. ఇది పది కిలోల లెక్కలోనే సూపిస్తాది గురూ, మూడు నాలుగు అటూ ఇటూ ఉంటాది అన్నాడు గుమాస్తా, నవ్వాపుకోలేక. రెండో డ్రైవరు వెంకీ పక్కనే ఉన్నాడు, వాడు వయసులో పెద్ద, తలొంచుకున్నాడుగాని భుజాలు ఊగాయి. ఎండలో సిమెంటు దిమ్మ పక్కన పిల్లని చంకనేసుకుని నిలబడిన ఈశ్వరి, తనతో పాటు అమ్మడు కూడా దిగింది కదా, ఆ తొంభైలో పన్నెండు కిలోలు పిల్లవి కదా, చెప్దామని నోరు తెరిచింది. ఎవరికి చెప్పాలో తెలీలేదు. ఆ కాగితాలు రెండూ జగ్గమ్మ క్యాలెండరు మేకుకి గుచ్చింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, ఫ్యాను తిరిగితే రెపరెపలాడతాయి. ఇప్పుడు ఆడటం లేదు, తొమ్మిదింటికి కరెంటు పోయింది, లైను పని, సాయంత్రం దాకా రాదని నిన్న మైకులో చెప్పారు.

పాత మందు సీసాల్లో వచ్చేది. చిన్న సీసా, బొటనవేలంత, వారానికొకటి. ఒళ్ళు తగ్గడానికి విశాఖపట్నం డాక్టరు రాసిచ్చిన సూది మందు. వీధి చివర ఆరెంపీ గంగులు మంగళవారం మంగళవారం వచ్చి వేసేవాడు. చదివిన డాక్టరు కాడు, అయినా ఈ వీధిలో అందరి పిర్రలూ జబ్బలూ గంగులు సూదికి అలవాటే. సీసా తలకిందులు చేసి, సిరంజితో ఆఖరి చుక్క దాకా లాగి, వెలుతురుకి పట్టి చూసి, ఖాళీ అయిందమ్మా అని జగ్గమ్మకి చూపించి, అప్పుడు పొట్ట మీద గుచ్చేవాడు. పదకొండు నెలలు. తొంభై మూడు ఎనభై అయింది, డెబ్భై నాలుగైంది, అక్కడ ఆగిపోయింది. మూడు నెలలు మొండి ఎద్దులా డెబ్భై నాలుగు దగ్గరే కూలబడింది. జగ్గమ్మ అంబలి గిన్నె చిన్నది చేసింది, పంచదార డబ్బా, అటుకులు, అరటిపళ్ళు, పిల్ల పాలపొడి కూడా సామాన్ల గదిలో పెట్టి తాళంచెవి రొంటిన దోపుకుంది. అయినా డెబ్భై నాలుగు. మందు మార్చాలన్నాడు డాక్టరు, దీనికి ఒళ్ళు అలవాటు పడిపోయింది, వేరేది వేద్దాం, మొదట చిన్న మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుదాం. ఇది పెన్నులా ఉంటుంది, చిట్టచివర తిప్పి నొక్కాలి అని మందుల కౌంటరు అమ్మాయి చేతిలో పట్టుకుని చూపించబోతే, దేవేంద్ర చెవి దగ్గర ఫోను, రాయపూర్ లోడు బేరం. మా గంగులున్నాడులెండి, ఆడికి అన్నీ తెలుసు, అని ఐసు పెట్టెలో పెట్టించుకుని వచ్చేశాడు. ఈశ్వరి ఆ అమ్మాయి మొహం వంక చూసింది. ఇంకా ఏదో చెప్పాలని ఉన్న మొహం. అడగాలి. అడిగితే మొగుడు విసుక్కుంటాడు. అడగలేదు.

నిన్న సాయంత్రం గంగులు ఆ పెన్ను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. తెలియనివాడిలా కనబడకూడదని గొంతు సవరించుకున్నాడు. తిప్పాడు, గుచ్చాడు, నొక్కాడు. బయటికి తీసి వెలుతురుకి పట్టాడు. మందింకా ఉంది. "మిగిలిపోయిందమ్మా" అన్నాడు. "మిగల్చకు గంగులూ, ఎంత పెట్టి తెచ్చినాడు మా వోడు" అంది జగ్గమ్మ. మళ్ళీ తిప్పాడు, గుచ్చాడు. మళ్ళీ. బొడ్డు చుట్టూ నాలుగు చోట్ల. "ఇన్నేటి అన్నా?" అని ఈశ్వరి అడిగితే, "కొత్త మందు కదమ్మా, దీని పద్ధతే ఇలగ" అన్నాడు. జగ్గమ్మ ఖాళీ పెన్ను తీసుకుని చెవి దగ్గర ఆడించి చూసింది. చప్పుడు లేదు. తృప్తి పడింది.

నాన్న గుర్తొస్తున్నాడు, ఎందుకో. బొబ్బిలి దగ్గర వీణలు చెక్కే చోట, పనస దుంగ కాళ్ళ మధ్య పెట్టుకుని కుండ తొలిచేవాడు. లోపల చెక్క తీస్తూ తీస్తూ మధ్యలో ఆగి వేలి కణుపుతో తట్టి వినేవాడు. ఇంకా దళసరిగానే ఉన్నాది, పలకట్లేదు, అని మళ్ళీ ఉలి. పొట్టు పసుపుపచ్చగా గంపలకి గంపలు. తొమ్మిదో తరగతిలో నాన్న చెయ్యి తెగితే సాయానికని బడి మానిపించి తన చేతికి గరుకు కాగితమిచ్చారు, ఏడాది అనుకున్నది మళ్ళీ వెళ్ళలేదు. ఒకరోజు నాన్న ఏదో ధ్యాసలో ఉండి తట్టి చూడకుండా తొలుచుకుపోయాడు. కుండ అడుగున చెక్క కాగితమంతైంది, ఎండకి పెట్టగానే పటేల్‌మని చీలింది. నాన్న ఆ చీలికలో వేలు పెట్టి ఎంతసేపో అలాగే కూర్చున్నాడు. తట్టి సూడాల్సింది, తట్టి సూడాల్సింది, అంటూ. తనని ఎవరు తట్టి చూస్తున్నారు. నాన్నకి ఫోను చేస్తే. చేస్తే ఏం చెప్తుంది, అక్కణ్ణుంచి బస్సెక్కి వచ్చేసరికి. పైగా అల్లుడంటే నాన్నకి హడలు.

ఫోను. ఫోనెక్కడ. అమ్మడు తొడ కింద. పొద్దుట తల ఎత్తలేక పిల్లకి పాటలు పెట్టి ఇచ్చేసింది, ఛార్జింగంతా తాగేసింది అది. ఆరు శాతం. ఎర్రగా చూపిస్తోంది. ఒంట్లో బాగా లేదని ఎవరికి చెప్పాలి ముందు. 108కి చేయొచ్చు. చేయి అటే పోయింది, ఆగిపోయింది. మూడేళ్ళ కిందటి సంగతి కాదు, పోయినేడే, పాత మందు మొదలుపెట్టిన కొత్తలో కుళాయి దగ్గర కళ్ళు తిరిగి పడితే ఆ బండే వచ్చింది. వచ్చిన ఇద్దరిలో ఒకడు తనని చూసి, ఇంకో ఇద్దర్ని పిలవండమ్మా, అన్నాడు. వీధి వీధంతా గుమ్మాల్లో ఉంది. ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో ఫోన్లో తీశారు. ఇంకోసారి ఆ బండి నా గుమ్మంలో ఆగిందంటే నువ్వు ఆ బండిలోనే పుట్టింటికి పోతావు, పిల్ల ఇక్కడే ఉంటాది, అంది జగ్గమ్మ ఆ రాత్రి. పిల్ల ఇక్కడే ఉంటాది. అందుకని దేవేంద్రకి చేసింది.

"ఏటే?" అన్నాడు. వెనకాల ఇంజను మూలుగుతోంది. ఘాటీ ఎక్కుతున్నాడు.

"బావా, కళ్ళు తిరగతన్నాయి. సేతులు ఒణుకుతన్నాయి. ఆ సూది పడనట్టున్నాది నాకు."

"పడకపోవడమేటి, బాగా పనిచేస్తన్నాది. లోడు దింపుతుంటే బండి ఊగదేటి? ఊగతాది." నవ్వాడు. "ఒరే వెంకీ, ఇన్నావా, మా టిప్పరు ఊగతన్నాదంట."

"స్పీకర్లో ఎట్టినావా బావా?"

"డ్రైవింగులో ఉన్నాను మరి, సేత్తో పట్టుకోమంటావేటి? పడుక్కో. అమ్మ వచ్చేస్తాది సాయంత్రానికి."

వెంకీ గొంతు దూరంగా ఏదో అంది, ఒకపాలి ఇంటికి ఫోను సెయ్యరాదా గురూ, అన్నట్టుంది. తర్వాత మలుపు, సిగ్నలు పోయింది. మూడు శాతం.

అమ్మడు అట్టపెట్టె అడుగు నుంచి మడతల కాగితం లాగింది. మందు కాగితం, అంగుళం దళసరి మడత, విప్పేకొద్దీ దుప్పటంత అవుతోంది. పిల్ల దాన్ని తెచ్చి తల్లి మీద కప్పింది. "అమ్మ సలి" అంది. ఈశ్వరి మొహం మీద అక్షరాల నీడ. అంతా ఇంగ్లీషు, చీమల బారు. అక్కడక్కడ కూడబలుక్కోగలదు, తొమ్మిదో తరగతి దాకా వచ్చిన ఇంగ్లీషు అదే. చదవకపోయినా బొమ్మలు ఎవరికైనా అర్థమవుతాయి. పెన్ను బొమ్మ. పొట్ట బొమ్మ, ఒక్కటే చుక్క. దాని కింద నాలుగు గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో క్యాలెండరు, ఒక్కో క్యాలెండరులో ఒక్కో రోజుకి సున్నా. వీక్ ఒకటి. వీక్ రెండు. వీక్ మూడు. వీక్ నాలుగు. నాలుగో గడి తర్వాత పెన్ను మీద అడ్డంగా గీటు కొట్టి చెత్తబుట్ట. ఈశ్వరి ఆ నాలుగు గళ్ళనీ వేలితో ముట్టుకుంది. అదే వేలితో చీర పక్కకి జరిపి పొట్ట మీద నాలుగు మచ్చలూ ముట్టుకుంది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. నెల రోజుల మందు. ఇంకా మొదలే, నెమ్మదిగా పెంచుదాం అన్నాడు డాక్టరు.

గంగులు రెండు రింగులకే ఎత్తాడు.

"అన్నా, నిన్న నాలుగుసార్లు పొడిసినావు కదా. అది నాలుగు వారాలకి అన్నా. బొమ్మలేసి ఉన్నాది."

అటువైపు బండి ఆగిన చప్పుడు. "సీసా అయితే మొత్తం లాగీడమే కదమ్మా ఎప్పుడూ. ఇదీ అంతే కదా అనుకున్నాను. మిగల్చొద్దని మీ అత్తగారు కూడా..."

"నాకు సెమట్లు పడతన్నాయన్నా. సూపు మసగ్గా ఉన్నాది. నిన్నట్నుంచి నీళ్ళు కూడా ఆగట్లేదు."

"సుగరు పడిపోయుంటాది. కంగారు పడకు. ఓ బెల్లం ముక్క నోట్లో ఏసుకో, సర్దుకుంటాది. మీ ఇంట్లో బెల్లానికి కరువేటి." గొంతు తగ్గించాడు. "ఇగో అమ్మా, నాలుగు అని ఎవులితోనూ అనకు. మీ ఆయనతో అసలనకు, నన్ను బతకనివ్వడు. నాను వస్తాన్లే, ఇక్కడ ఒక సెలైను ఎక్కతన్నాది, అది అవగానే..."

"గ్రిల్లుకి తాళమన్నా, బయట్నుంచి..." అంటుండగా చెవి దగ్గర నిశ్శబ్దం. తెర మీద చిన్న గుండ్రం తిరిగి ఆరిపోయింది. ఇప్పుడు 108 అనుకుంది. ఇప్పుడు సిగ్గులేదు, వీధంతా వచ్చి నవ్వనీ, నలుగురు కాదు పది మంది మోయనీ, ఫొటోలు తీయనీ. ఒకటి నొక్కింది, సున్నా నొక్కింది, ఎనిమిది నొక్కింది, నల్లటి అద్దం మీద. అద్దంలో తన మొహం, పెదాలు తెల్లగా.

బెల్లం ముక్క. సామాన్ల గది పది అడుగులు. పాక్కుంటూ వెళ్ళింది. తలుపు కింద నుంచి వాసన వస్తోంది, వానల చెమ్మకి దిమ్మలు కారి లోపల నేల జిగటగా అయ్యుంటుంది, తీపిగా, కొద్దిగా పులిసి. తలుపు కింద సందులోంచి చీమలు బయటికి వస్తున్నాయి, ఒక్కోదాని నోట్లో ఒక్కో రేణువు, తొందరేమీ లేదు వాటికి. రెండు మూడు మాత్రం లోపలికి పోతున్నాయి, ఖాళీ నోళ్ళతో. తాళం పట్టుకుని లాగింది. తనే ఊగింది గాని తాళానికి ఏమీ కాలేదు. తొంభై మూడు ఉన్నప్పుడైతే ఒక్క భుజం వేస్తే ఊడిపోయేదేమో ఈ తలుపు, అనుకుంటే నవ్వొచ్చింది, నవ్వు డోకైంది. బోర్లా పడుకుని వేలు ఉమ్మితో తడిపి సందులోకి తోసింది. మొదటి కణుపు దాకా పోయింది. అటూ ఇటూ ఆడించి లాగి నాకింది. మట్టి, సున్నం, ఒక చీమ, ఎక్కడో చివర ఇంత తీపి. మళ్ళీ తోసింది. యాభై రెండు కిలోలు లోపల, మూడంగుళాల చెక్కకి అవతల. మూడోసారి తోసినప్పుడు గోరు విరిగింది. నొప్పి తెలీలేదు, నొప్పి తెలీలేదని మాత్రం తెలిసింది, అందుకు భయమేసింది.

వెనకాల కరకరమని చప్పుడు. అమ్మడు చేతిలో బిస్కెట్టు. ఎక్కడిది. పొద్దుట నాన్నమ్మ చేతిలో పెట్టిన రెండింటిలో ఒకటి దాచుకుంది, గౌను జేబులో. గ్లూకోజు బిస్కెట్టు, మూల కొంచెం కొరికి ఉంది.

"అమ్మడూ, అమ్మకి కొంచెం పెట్టమ్మా."

పిల్ల రెండు చేతులూ వీపు వెనక్కి దాచుకుంది. కనుబొమలు ముడిచింది, అచ్చం జగ్గమ్మలా. వేలెత్తి ఆడించింది. "అమ్మ తినకూదదు. అమ్మ లావు. నాన్నమ్మ వాత పెదతాది."

"నాన్నమ్మ లేదమ్మా. ఒక్క ముక్క. అమ్మకి నొప్పి వచ్చింది."

"తినకూదదు." నేర్పిన పాఠం ఒప్పజెప్పిన సంతోషం పిల్ల మొహంలో. ఎప్పుడూ ఈ మాట చెప్పగానే ఇంట్లో అందరూ నవ్వేవారు, దేవేంద్ర ఎత్తుకుని గాల్లోకి ఎగరేసేవాడు, మళ్ళీ సెప్పు మళ్ళీ సెప్పు అని. ఇప్పుడూ ఎవరో ఎగరేస్తారని చూస్తోంది. అమ్మ నవ్వడం లేదు. అమ్మ పాక్కుంటూ వస్తోంది, జుట్టు మొహం మీద పడి, నోటి చుట్టూ మట్టి. పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. ఈశ్వరి చెయ్యి చాచి దాని మణికట్టు పట్టుకుంది, తన చేతిలో ఇంకా ఇంత బలముందా అనిపించేంత గట్టిగా, చిన్న ఎముక కదిలింది వేళ్ళ కింద. అమ్మడు కెవ్వుమంది. ఇది నేనేనా, ఇది నా బిడ్డ చెయ్యేనా, వదులు, వదిలితే చచ్చిపోతావు, వదులు. బిస్కెట్టు పిడికిట్లో నలిగింది, పొడి రాలింది. పిల్ల చెయ్యి లాక్కుని పరిగెత్తి మంచం కిందికి దూరింది. ఈశ్వరి నేల మీద పొడి నాకింది, గచ్చు మీద తడిసి ముద్దైన చిన్న చిన్న పలుకులు, ఒక్కోటి ఏరి, నాలిక కింద పెట్టుకుని, మింగకూడదు, కరగనివ్వాలి, మింగితే కక్కేస్తావు, కరగనివ్వాలి. కరిగింది కొంచెం. పొట్ట మెలిపెట్టింది. లేదు, లేదు, ఆగు. ఆగలేదు. తెల్లటి నురుగులో ఆ పలుకులు మళ్ళీ గచ్చు మీదికే వచ్చాయి. చీమలు అటు తిరిగాయి.

సుత్తి మళ్ళీ మొదలైంది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య దూరం పెరుగుతోంది, లేకపోతే తనే మధ్యలో ఎక్కడికో వెళ్ళి వస్తోంది. మంచం కింద నుంచి వెక్కిళ్ళు. అమ్మడూ, అని పిలిచింది, పిలిచాననుకుంది. పొయ్యి సిలిండరు కట్టేశానా. పొద్దుట పాలు కాచాను. కట్టేశాను. కట్టేశానా. పెరట్లో నీళ్ళ తొట్టి మీద రేకు ఉంది. రేకు ఉందా, నిన్న బట్టలుతికినప్పుడు తీశాను, తీసి పక్కకి పెట్టాను, మళ్ళీ పెట్టానా. పెరటి తలుపు. పొద్దుట కక్కడానికి పరిగెత్తాను, వచ్చేటప్పుడు గడియ. గడియ పెట్టిన చెయ్యి గుర్తులేదు. లేచి చూడాలి. లేస్తున్నాను. ఒక కాలు మడిచాను. రెండోది. లేస్తున్నాను, అని ఈశ్వరి అనుకుంటూనే ఉంది, చెంప మాత్రం గచ్చుకే ఉంది. ఎండ గళ్ళు జరిగి ఆమె చేతి మీదికి ఎక్కాయి. వెచ్చదనం తగలలేదు. మంచం కింద వెక్కిళ్ళు ఆగాయి. చిన్న పాదాలు గచ్చు మీద తపతపమంటూ వచ్చాయి. రెప్ప మీద రెండు వేళ్ళు పడ్డాయి, బిస్కెట్టు వాసనతో. రెప్ప పైకి లేచింది. అవతల ఒక గుండ్రటి మొహం, ఏడ్చి ఎర్రబడింది, వంగి లోపలికి చూస్తోంది, ఇంట్లో ఎవరైనా ఉన్నారా అన్నట్టు. ఉన్నానమ్మా, అనాలి. "అమ్మా లే" అంది పిల్ల. ముక్కు గిల్లింది. ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను. రెప్ప వదిలేసింది. కాసేపు పక్కనే కూర్చుంది, అట్టపెట్టెలో బొమ్మని తెచ్చి చూపించింది. తర్వాత లేచింది. పాదాల చప్పుడు పెరటి వైపు వెళ్తోంది.

మీరు సాలూరు వాళ్ళయినా, ఆ దారిన పోయేవాళ్ళయినా, లారీ బాడీలు కట్టే షెడ్లకి ఎదురుగా నీలం రంగు గ్రిల్లున్న డాబా దగ్గర ఒక్కసారి ఆగండి. బయట తాళం ఉంటుంది. ఇంట్లో ఎవరూ లేరనుకుని వెళ్ళిపోకండి. గ్రిల్లు పట్టుకుని, సుత్తి దెబ్బల మీంచి వినపడేలా, అమ్మడూ అని పిలవండి. పిల్ల వస్తే అమ్మేదని అడగండి. అమ్మ బజ్జుంది అంటుంది, పెదాల మీద వేలు పెట్టి మిమ్మల్నే గట్టిగా అరవొద్దంటుంది. నమ్మకండి. పిల్ల రాకపోతే ఇంకొకసారి పిలవొద్దు, ఆ ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. తాళం పగలగొట్టి, పెరట్లోకి వెళ్ళి చూడండి ముందు.